2205 డూప్లెక్స్ పైపు వెల్డ్: ఫెరైట్ పాస్, బెండ్ పాస్, తుప్పు పరీక్షలో మాత్రం ఫెయిల్

పటాన్‌చెరు_క్యూసీ · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండు వారాలుగా ఇదే టెన్షన్. ఎవరైనా డూప్లెక్స్ చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

మా షాపులో ఇప్పటిదాకా 304ఎల్, 316ఎల్ (మామూలు స్టెయిన్‌లెస్ రకాలు) తప్ప వేరే చేయలేదు. మొదటిసారి 2205 డూప్లెక్స్ (ఫెరైట్, ఆస్టెనైట్ అనే రెండు రకాల స్ఫటికాలు సగం సగం ఉండే స్టెయిన్‌లెస్) పైపింగ్ ఆర్డరు వచ్చింది. 6 అంగుళాల పైపు, షెడ్యూల్ 40, అంటే గోడ 7.11 మి.మీ. ప్రొసీజర్ క్వాలిఫికేషన్ (వెల్డ్ పద్ధతి పనికొస్తుందని నిరూపించడం) కోసం కూపన్ (పరీక్ష ముక్క) వెల్డ్ చేశాం. మొత్తం టిగ్ (టంగ్‌స్టన్ మొన, గ్యాస్ రక్షణతో చేసే వెల్డింగ్), ఈఆర్2209 ఫిల్లర్ (కరిగించి నింపే లోహం), 2.4 మి.మీ. తీగ.

టెన్సైల్ (లాగి తెంచే పరీక్ష) పాస్. బెండ్ నాలుగూ పాస్. మైనస్ 40 దగ్గర చార్పీ (సుత్తి దెబ్బ పరీక్ష) కూడా బాగానే వచ్చింది. ఫెరైట్ 49 శాతం, ఇంతకంటే బాగా ఎవరికి వస్తుంది అని సంబరపడ్డాం. చివరగా క్లయింట్ అడిగిన ఫెరిక్ క్లోరైడ్ పరీక్ష (ఆ ద్రావణంలో ముంచి తుప్పు గుంటలు పడతాయేమో చూసేది), ఏఎస్‌టీఎం జీ48 మెథడ్ ఏ, 22 డిగ్రీల దగ్గర 24 గంటలు. అందులో తన్నింది. ముక్క 50 × 25 మి.మీ., పోయిన బరువు 21.6 మి.గ్రా. అంచులు కూడా కలిపి లెక్కేస్తే చదరపు మీటరుకి 6.1 గ్రాములు. స్పెక్‌లో (క్లయింట్ షరతుల పత్రం) హద్దు 4.0, పైగా 20 రెట్ల భూతద్దంలో గుంటలు కనపడకూడదు. మాకు భూతద్దం అక్కర్లేకుండానే కనపడుతున్నాయి.

ఫెరైట్ సరిగ్గా సగం సగం ఉన్నాక తుప్పు ఎందుకు పట్టాలి? ల్యాబ్ తప్పు అయ్యుంటుందా? మా మేనేజర్ వేరే ల్యాబ్‌కి పంపుదాం అంటున్నారు.

స్క్రాప్_సూరి · సోమవారం రాత్రి 10:05

అన్నా, ముందు ఆ పైపుకి అయస్కాంతం పెట్టి చూడు. అతుక్కుంటే అది స్టెయిన్‌లెస్సే కాదు, నిన్ను ఎవరో ముంచారు.

జుబైల్_శీను · సోమవారం రాత్రి 10:31

సూరి గారూ, డూప్లెక్స్‌కి అయస్కాంతం అతుక్కోవాలి. అతుక్కోకపోతేనే భయపడాలి. అందులో సగం ఫెరైట్, సగం ఆస్టెనైట్. ఫెరైట్ అయస్కాంతాన్ని లాగుతుంది. మా యార్డులో కొత్త స్టోర్ కీపర్ ఒకరు ఇదే కారణంతో ఒక లోడు పైపులు పక్కన పెట్టేశారు, మూడు రోజులు పని ఆగింది.

క్యూసీ తమ్ముడూ, గుంటలు ఎక్కడ పడ్డాయి? క్యాప్ (బయటి చివరి పొర) వైపా, రూట్ (లోపలి మొదటి పొర) వైపా, కోసిన అంచుల మీదా? దాన్ని బట్టి కథ మారిపోతుంది.

ల్యాబ్_కుర్రాడు · సోమవారం రాత్రి 11:12

నేను ఇలాంటి ల్యాబ్‌లోనే పని చేస్తాను (మీ ముక్క మా దగ్గరికి రాలేదు లెండి). శీను గారి ప్రశ్న సరైనది. అంచులు సరిగ్గా గ్రైండ్ చేసి నునుపు చేయకపోతే గుంటలు అక్కడే మొదలవుతాయి. అది వెల్డ్ తప్పు కాదు, ముక్క తయారీ తప్పు. ద్రావణం తాజాగా కలిపారా, నీటి తొట్టె ఉష్ణోగ్రత 24 గంటలూ 22 దగ్గరే నిలిచిందా, ఈ రెండూ అడగండి. రాత్రి ఏసీ ఆపేసి పోతే పొద్దునకి 26 అయిన తొట్టెలు నేను చూశాను. డూప్లెక్స్‌లో ఆ నాలుగు డిగ్రీలు చాలా పెద్ద విషయం.

ఇంకో మాట. 4.0 హద్దు అంటే స్పెక్ మీ మీద దయ చూపించినట్టే. ఏ923 (డూప్లెక్స్ పరీక్షకి ఇంకో ఏఎస్‌టీఎం ప్రమాణం) మెథడ్ సీలో హద్దు రోజుకి చదరపు డెసిమీటరుకి 10 మి.గ్రా. దాన్ని మార్చి చూస్తే చదరపు మీటరుకి 1 గ్రాము. మీ స్పెక్ కంటే నాలుగు రెట్లు గట్టిది.

పటాన్‌చెరు_క్యూసీ · మంగళవారం ఉదయం 8:15

ల్యాబ్‌కి ఫోన్ చేశాను. ఉష్ణోగ్రత చార్టు పంపారు, 22 దగ్గర గీత గీసినట్టు ఉంది. అంచుల మీద ఒక్క గుంట లేదు. అన్నీ రూట్ వైపే, వెల్డ్ మీదా, వెల్డ్ పక్కన 2, 3 మి.మీ. దూరంలోనూ. క్యాప్ వైపు శుభ్రంగా మెరుస్తోంది.

కాకినాడ_బాబాయ్ · మంగళవారం ఉదయం 10:50

నేను వెల్డర్‌ని. ముప్పై ఏళ్లు, అందులో పద్నాలుగు గల్ఫ్‌లో. లోహశాస్త్రం నాకు రాదు గానీ రూట్ వైపు అన్నావు కాబట్టి నాలుగు ప్రశ్నలు అడుగుతా, దాచకుండా చెప్పు బాబూ.

గ్యాప్ (రెండు పైపుల మధ్య సందు) ఎంత పెట్టారు? టార్చ్‌లో ఏ గ్యాస్? లోపల పర్జ్ (పైపులోని గాలిని తోసేయడానికి పంపేది) ఏ గ్యాస్, ఎప్పుడు ఆపారు? వెల్డ్ అయ్యాక లోపలి రంగు ఏంటి?

పటాన్‌చెరు_క్యూసీ · మంగళవారం మధ్యాహ్నం 1:20

బాబాయ్ గారూ, దాచడానికేం లేదు.

గ్యాప్ 1.5 మి.మీ., రూట్ ఫేస్ (అంచు అడుగున వాలు లేకుండా వదిలే భాగం) 1.5. మేం 316ఎల్‌కి ఎప్పుడూ పెట్టేదే.
టార్చ్‌లో ప్యూర్ ఆర్గాన్. లోపల కూడా ప్యూర్ ఆర్గాన్.
రూట్ అవ్వగానే పర్జ్ ఆపేశాం. నిజం చెప్పాలంటే సిలిండర్ అయిపోవచ్చింది, రెండోది స్టోర్లో లేదు. రూట్ నిండాక లోపలికి గాలి పోదు కదా అని వెల్డర్ అన్నాడు.
రంగు… వంకాయ రంగు. అంచుల్లో గోధుమ రంగు.

ఆంపియర్లు, వేగం కూడా రాసుకున్నాను. రూట్: 10 వోల్టులు, 85 ఆంపియర్లు, నిమిషానికి 95 మి.మీ. రెండో పాస్ (రెండో పొర): 11 వోల్టులు, 130 ఆంపియర్లు, నిమిషానికి 70 మి.మీ. ఇంటర్‌పాస్ (తర్వాతి పాస్ మొదలుపెట్టే ముందు లోహం వేడి) ఎక్కువలో ఎక్కువ 140 డిగ్రీలు.

కాకినాడ_బాబాయ్ · మంగళవారం మధ్యాహ్నం 2:05

అయితే ల్యాబ్ వాళ్లని తిట్టకు.

మాధవి_లోహశాస్త్రం · మంగళవారం సాయంత్రం 6:45

మంచి కేసు. ఇంజనీరింగ్ కాలేజీలో వెల్డింగ్ మెటలర్జీ పాఠం చెబుతాను, ఇంత పొందికైన ఉదాహరణ నాకు దొరకదు. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

2205 వెల్డ్ కరిగి గడ్డకట్టేటప్పుడు మొత్తం ఫెరైట్‌గానే గడ్డకడుతుంది. ఆస్టెనైట్ ఆ తర్వాత, లోహం ఘనంగా ఉండగానే, చల్లారే దారిలో పుడుతుంది. మొదట ఫెరైట్ రేణువుల సరిహద్దుల మీద మొలుస్తుంది, అక్కడి నుంచి రేణువు లోపలికి పళ్లెక్కిన దువ్వెనలా ఎదుగుతుంది, ఇంకా టైముంటే రేణువు మధ్యలోనూ చిన్న చిన్న దీవుల్లా వస్తుంది. పైపు తయారైన ఫ్యాక్టరీలో దానికి వెయ్యి డిగ్రీల పైన సొల్యూషన్ ఎనీలింగ్ చేసి, నీళ్లలో ముంచి ఈ సమతూకం తెస్తారు. మీ వెల్డ్‌కి దొరికేది కొన్ని సెకన్లు. ఆ సెకన్లలో ఎంత ఆస్టెనైట్ పుడితే అంతే.

కొన్ని సెకన్లలో కూడా అది పుట్టేలా సాయం చేసేవి రెండు: నికెల్, నైట్రోజన్. అందుకే ఈఆర్2209 ఫిల్లర్‌లో నికెల్ దాదాపు 9 శాతం ఉంటుంది, పైపులో ఉన్నది 5, 6 మాత్రమే. మీరు 1.5 మి.మీ. గ్యాప్ పెట్టారు. అంత ఇరుకులో ఫిల్లర్ ఎంత పడుతుంది? రూట్‌లో ఎక్కువ భాగం పైపు లోహమే కరిగి కలిసింది. అంటే ఫిల్లర్ లేకుండా వెల్డ్ చేసినదానికి దగ్గరగా ఉంది. పైగా టార్చ్‌లో ప్యూర్ ఆర్గాన్ కాబట్టి కరిగిన లోహంలోంచి కొంత నైట్రోజన్ బయటికి పోయింది. నికెల్ తక్కువ, నైట్రోజన్ తక్కువ, దానికి తోడు వేగంగా చల్లారింది. మీ రూట్ వేడి లెక్క చూడండి: 10 × 85 × 60ని 95,000తో భాగిస్తే మి.మీ.కి 0.54 కిలోజౌళ్లు. 2205కి మామూలుగా చెప్పే పరిధి 0.5 నుంచి 2.5. మీరు కింది గడప మీద నిలబడ్డారు.

అలాంటి రూట్‌లో ఫెరైట్ ఎక్కువవుతుంది. ఫెరైట్ ఎక్కువ అవ్వడం దానంతటదే పాపం కాదు. ఇబ్బంది ఏంటంటే ఫెరైట్ బాగా వేడిగా ఉన్నప్పుడు నైట్రోజన్‌ని కరిగించుకుంటుంది, చల్లారేకొద్దీ పట్టుకోలేదు. పక్కనే ఆస్టెనైట్ ఉంటే నైట్రోజన్ అందులోకి పారిపోతుంది. ఆస్టెనైట్ దగ్గరలో లేకపోతే అక్కడే క్రోమియంతో కలిసి క్రోమియం నైట్రైడ్‌గా బయటపడుతుంది. దాని చుట్టూ ఉన్న లోహంలో క్రోమియం కరువవుతుంది. ఫెరిక్ క్లోరైడ్‌కి కావాల్సింది అలాంటి చోటే.

ఇక ఫెరైట్ 49 శాతం అన్నారు. ఎక్కడ కొలిచారు?

పటాన్‌చెరు_క్యూసీ · మంగళవారం రాత్రి 8:30

ఫెరిట్‌స్కోప్‌తో (అయస్కాంత గుణాన్ని బట్టి ఫెరైట్ కొలిచే మీటరు). క్యాప్ మీద ఐదు చోట్ల, సగటు.

జుబైల్_శీను · మంగళవారం రాత్రి 8:52

అక్కడే పప్పులో కాలేశారు. ప్రోబ్ పెట్టిన చోటు కింద కొద్ది లోతు వరకే అది చూస్తుంది. క్యాప్‌లో ఫిల్లర్ నిండుగా ఉంటుంది, కింద పాస్‌ల వేడి వల్ల నిదానంగా చల్లారుతుంది. అక్కడ సగం సగం రావడంలో వింత లేదు. ద్రవం తాకేది రూట్‌ని. మీ పైపు బయట ఎంత అందంగా ఉన్నా దానికి పట్టదు.

ఇంకోటి, మీ రిపోర్టులో 49 అన్నది శాతమా, ఎఫ్‌ఎన్ (ఫెరైట్ నంబర్ అనే వేరే కొలత) నంబరా చూసుకోండి. 22 క్రోమ్ డూప్లెక్స్‌లో (2205 అదే) ఎఫ్‌ఎన్‌ని సుమారు 0.7తో గుణిస్తే శాతం వస్తుంది. ఈ రెంటినీ కలగాపులగం చేసిన రిపోర్టులు బోలెడు చూశాను.

పటాన్‌చెరు_క్యూసీ · మంగళవారం రాత్రి 9:10

శాతమే. మళ్లీ చూశాను.

ఫార్మా_పైపు · మంగళవారం రాత్రి 10:20

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాది జీడిమెట్ల వైపు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం లైనుకి 316ఎల్ బదులు 2205 వేస్తే ఉంటుందా? ఒక డీలర్ ఉంటుందని గట్టిగా చెప్తున్నాడు.

మాధవి_లోహశాస్త్రం · మంగళవారం రాత్రి 10:41

చాలా పలచన, చల్లని ఆమ్లం తప్ప వద్దు. హైడ్రోక్లోరిక్‌కి గ్లాస్ లైనింగ్, పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) లైనింగ్ ఉన్నవి చూడండి. 2205 నిజంగా గెలిచేది క్లోరైడ్‌లు ఉన్న వేడి నీళ్లలో. 304ఎల్, 316ఎల్ అక్కడ 60 డిగ్రీలు దాటాక ఒత్తిడి తుప్పు పగుళ్లతో పోతాయి, డూప్లెక్స్ తట్టుకుంటుంది. బలం కూడా రెట్టింపు పైనే, 2205 ఈల్డ్ (లోహం శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి) కనీసం 450 మెగాపాస్కల్స్, 316ఎల్‌ది 170. మీ ప్రశ్నకి వేరే త్రెడ్ మొదలుపెట్టండి, వస్తాను.

కడపరాయుడు · బుధవారం ఉదయం 7:35

అందరూ ఫెరైట్, నైట్రైడ్ అంటూ ఎక్కడికో వెళ్లిపోతున్నారు. వంకాయ రంగు ఉందని అతనే చెప్పాడు. ఆ రంగు కింద క్రోమియం తగ్గిన పొర ఉంటుంది, అదే తుప్పు పట్టింది. నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ కలిపిన పిక్లింగ్ పేస్ట్ రాసి కడిగి మళ్లీ పరీక్షకి పంపితే పాస్ అవుతుంది. నేను మూడు ప్రాజెక్టుల్లో అలాగే పాస్ చేయించాను. ప్రొసీజర్ మళ్లీ చేయాలంటే నెల పోతుంది.

జుబైల్_శీను · బుధవారం ఉదయం 9:02

రాయుడు గారూ, కూపన్‌ని పిక్లింగ్ చేస్తారు సరే. సైటులో 300 జాయింట్లు లోపలి నుంచి ఎవరు పిక్లింగ్ చేస్తారు? పైపు మూసుకున్నాక రూట్‌కి చెయ్యి అందదు. కూపన్‌కి చేసింది జాబ్‌కి చేయకపోతే ఆ పాస్ కాగితం మీదే.

కడపరాయుడు · బుధవారం ఉదయం 9:20

స్పూల్స్ (ముందే వెల్డ్ చేసి పెట్టే పైపు భాగాలు) అన్నీ షాపులో కట్టి, తొట్టెలో ముంచి తీస్తే లోపల కూడా అవుతుంది కదా. అందరూ సైట్ వెల్డే చేస్తారని ఎందుకనుకుంటారు?

జుబైల్_శీను · బుధవారం ఉదయం 9:26

అది ఒప్పుకుంటాను. స్పూల్ జాయింట్లకి సరే. మరి స్పూల్‌కీ స్పూల్‌కీ మధ్య కలిపే జాయింటు?

మాధవి_లోహశాస్త్రం · బుధవారం ఉదయం 11:15

గొడవ పడకండి, ఇది తేల్చుకోవడం తేలిక. కూపన్‌లో ముక్క మిగిలి ఉంటే రెండు పనులు చేయండి.

ఒకటి: అడ్డంగా కోసి, పాలిష్ చేసి, క్యాప్, మధ్య, రూట్, రెండు వైపులా వేడి సోకిన ప్రాంతం విడివిడిగా పాయింట్ కౌంట్ (సూక్ష్మదర్శినిలో చుక్కలు లెక్కబెట్టి ఫెరైట్ శాతం తేల్చడం) చేయించండి. సోడియం హైడ్రాక్సైడ్‌తో విద్యుత్ ఎచింగ్ (పాలిష్ చేసిన ముఖాన్ని ద్రావణంతో కొద్దిగా తినిపించడం) చేస్తే సిగ్మా (లోహాన్ని పెళుసు చేసే హానికర దశ) ఉంటే కనపడుతుంది. ఆక్సాలిక్ ఎచింగ్‌లో నైట్రైడ్‌లు బయటపడతాయి.

రెండు: ఇంకో ముక్కని రాయుడు గారు చెప్పినట్టే పిక్లింగ్ చేసి అదే పరీక్ష మళ్లీ పెట్టండి. రంగు ఒక్కటే నేరస్తుడైతే గుంటలు ఉండవు.

ల్యాబ్_కుర్రాడు · బుధవారం మధ్యాహ్నం 12:40

మేడమ్, సిగ్మా అనుమానం ఉందా? ఇంటర్‌పాస్ 140 అంటున్నారు కదా, 2205కి 150 దాకా ఒప్పుకుంటారు.

మాధవి_లోహశాస్త్రం · బుధవారం మధ్యాహ్నం 1:05

పెద్దగా లేదు. సిగ్మా 600 నుంచి 1000 డిగ్రీల మధ్య పుడుతుంది, 850 ప్రాంతంలో తొందరగా. కానీ 2205లో దానికి నిమిషాల్లో టైం కావాలి. సూపర్ డూప్లెక్స్ 2507 (క్రోమియం ఇంకా ఎక్కువ ఉన్న రకం) అయితే తొందరగా వస్తుంది, అందుకే దానికి ఇంటర్‌పాస్ 100, వేడి 1.5 కిలోజౌళ్లు దాటనివ్వరు. అయినా ఎచింగ్ ఎలాగూ చేయిస్తున్నాం, చూసి కొట్టేస్తే మంచిది.

నాకు ఇంకో అనుమానం ఉంది. రమారమి 0.54తో పలచటి రూట్ వేసి, దాని మీద రెండో పాస్ 11 × 130 × 60 భాగించు 70,000, అంటే 1.23 కిలోజౌళ్లతో పోశారు. రూట్ మళ్లీ ఎర్రగా కాలింది. అప్పుడు ఫెరైట్ లోపల రెండోసారి సన్నటి ఆస్టెనైట్ పుడుతుంది. అందులో నైట్రోజన్, క్రోమియం తక్కువ. అదీ గుంటకి అనువైన చోటే. అంకె లెక్కన ఫెరైట్ శాతం బాగుపడినట్టు కనపడుతుంది, తుప్పు లెక్కన కాదు.

కాకినాడ_బాబాయ్ · బుధవారం సాయంత్రం 5:30

అమ్మా, మీరు చెప్పింది మేము చేత్తో నేర్చుకున్నాం. అక్కడ సూపర్ డూప్లెక్స్ చేసేటప్పుడు మా ఫోర్‌మన్ "రూట్ లావుగా, రెండోది చల్లగా" అనేవాడు. మామూలు పైపుకి రెండో పాస్‌ని హాట్ పాస్ అంటాం, దీనికి కోల్డ్ పాస్ అనాలి. రెండో పాస్ వేడి రూట్ వేడిలో మూడొంతులు, ఎనభై శాతం దాటకూడదు. ఎందుకో అప్పుడు ఎవరూ చెప్పలేదు. ఇన్నాళ్లకి తెలిసింది.

గ్యాప్ 3 మి.మీ. తక్కువ పెట్టను నేను. వి గ్రూవ్ కూడా 316ఎల్ కంటే వెడల్పుగా తెరుస్తా. కొత్తవాళ్లు గ్యాప్ చూసి భయపడతారు, రూట్ జారిపోతుందని. ఈఆర్2209 316ఎల్ తీగలా నీళ్లలా పారదు, కొంచెం చిక్కగా ఉంటుంది, అలవాటు పడితే అంత గ్యాప్‌లోనే బాగా కూర్చుంటుంది.

పర్జ్ సంగతి. రూట్ అయ్యాక గాలి లోపలికి పోదన్న వెల్డర్‌ని ఏమీ అనకు, అందరూ అలాగే అనుకుంటారు. గాలి వెల్డ్‌లోంచి పోదు. కానీ పర్జ్ ఆపాక పైపులోకి ఎటో ఒకటు గాలి చేరుతుంది, రెండో పాస్ వేడికి రూట్ వెనక భాగం మళ్లీ ఎర్రబడుతుంది, అప్పుడు రంగు పడుతుంది. 7 మి.మీ. గోడకి నేను క్యాప్ అయ్యేదాకా పర్జ్ తియ్యను. ఆక్సిజన్ మీటరు 50 పీపీఎం (పది లక్షల్లో 50 భాగాలు) కిందకి దిగితే గానీ టార్చ్ వెలిగించను.

ఇంకో మాట, విషయం కాకపోయినా రాస్తా. పర్జ్ చేసిన పెద్ద పైపులోకి, వెసెల్‌లోకి తల పెట్టొద్దు. ఆర్గాన్ బరువైనది, అడుగున నిలబడిపోతుంది, వాసన ఉండదు. మా క్యాంపులో ఒక కుర్రాడు పర్జ్ డ్యామ్ (గ్యాస్‌ని లోపల నిలిపే అడ్డు) తీయడానికి 36 అంగుళాల పైపులోకి దూరాడు. కాళ్లు పట్టి లాగితే బతికాడు. ఆక్సిజన్ మీటరు వెల్డ్ కోసమే కాదు.

విజయనగరం_ఫిట్టర్ · బుధవారం సాయంత్రం 6:10

🙏 బాబాయ్ చివరి పేరా ప్రతి షాపులో గోడ మీద రాయాలి.

పటాన్‌చెరు_క్యూసీ · బుధవారం రాత్రి 9:50

అందరికీ థాంక్స్. మేనేజర్‌ని ఒప్పించాను. రెండు ముక్కలూ ల్యాబ్‌కి పంపాం. ఒక డౌట్: టార్చ్‌లో నైట్రోజన్ కలిపితే రంధ్రాలు రావా? 316ఎల్‌కి మేం ఎప్పుడూ కలపలేదు.

కాకినాడ_బాబాయ్ · బుధవారం రాత్రి 10:15

ఆర్గాన్‌లో 2 శాతం నైట్రోజన్ కలిపిన సిలిండర్ దొరుకుతుంది, అది అడుగు. అంతకంటే ఎక్కువైతే టంగ్‌స్టన్ మొన తొందరగా పాడవుతుంది, అప్పుడు నీ మాట నిజమవుతుంది. లోపల పర్జ్‌కి ప్యూర్ నైట్రోజనే పెట్టుకో, డూప్లెక్స్‌కి మంచిది, ఆర్గాన్ కంటే చవక కూడా. మేనేజర్‌కి ఆ ముక్క ముందు చెప్పు.

హైడ్రోజన్ కలిపిన గ్యాస్ మాత్రం ముట్టుకోకు. 316ఎల్‌కి కొందరు వాడతారు. ఇక్కడ ఫెరైట్ ఉంది, పగులుతుంది.

మాధవి_లోహశాస్త్రం · గురువారం ఉదయం 10:30

బాబాయ్ గారు హైడ్రోజన్ ఎత్తారు కాబట్టి ఒక ముక్క. ఫెరైట్‌కి హైడ్రోజన్‌తో ఉన్న పేచీ వెల్డింగ్‌తో ఆగదు. స్కాట్లాండ్ ఉత్తరాన ఫోయినావెన్ చమురు క్షేత్రంలో 1990లలో సముద్రం అడుగున సూపర్ డూప్లెక్స్ భాగం పగిలింది. తుప్పు పట్టి కాదు. తుప్పు రాకుండా పెట్టిన కాథోడిక్ (విద్యుత్) రక్షణ వల్ల ఉక్కు మీద హైడ్రోజన్ పుట్టి, ఒత్తిడి ఉన్న చోట లోపలికి చేరింది. తుప్పుని ఆపే ఏర్పాటే పగులు తెచ్చింది. తర్వాత సముద్రం అడుగున డూప్లెక్స్ డిజైన్ ఎలా చేయాలన్న మార్గదర్శకాలు దాని చుట్టూనే వచ్చాయి. నా క్లాసులో ఈ కథ చెప్పగానే వెనక బెంచీ కూడా లేస్తుంది.

నైట్రోజన్ కథ కూడా చిన్నది కాదు. స్వీడన్‌లోని అవెస్తాలో 1930లోనే మొదటి డూప్లెక్స్ ఉక్కులు చేశారు, కాగితం మిల్లుల కోసం. కానీ దశాబ్దాల పాటు వాటిని వెల్డ్ చేస్తే వేడి సోకిన చోట మొత్తం ఫెరైట్ అయిపోయి పెళుసుబారేది. 1960ల చివర్లో ఏఓడీ (ఆర్గాన్, ఆక్సిజన్ ఊది కార్బన్ తీసే) కొలిమి వచ్చాక ఉక్కులో కార్బన్ తగ్గించడం, నైట్రోజన్‌ని లెక్కగా కలపడం సాధ్యమైంది. వెల్డ్ చేయగలిగే డూప్లెక్స్ అప్పుడు పుట్టింది. మీరు ప్యూర్ ఆర్గాన్‌తో వెల్డ్ చేసి నైట్రోజన్ పోగొట్టడం అంటే ఆ రూట్‌ని పాత తరం ఉక్కు చేయడమే.

స్క్రాప్_సూరి · గురువారం ఉదయం 11:00

మేడమ్, అయస్కాంతం సంగతి నేను వెనక్కి తీసుకుంటున్నా 😀

పటాన్‌చెరు_క్యూసీ · తర్వాతి మంగళవారం సాయంత్రం 7:05

రిపోర్టులు వచ్చాయి.

ఫెరైట్, పాయింట్ కౌంట్: క్యాప్ 48, మధ్య 44, రూట్ 67, రూట్ వైపు వేడి సోకిన ప్రాంతం 63. సోడియం హైడ్రాక్సైడ్ ఎచింగ్‌లో సిగ్మా ఏమీ లేదు. ఆక్సాలిక్‌లో రూట్‌లోని ఫెరైట్ రేణువుల మధ్యలో నల్లటి చుక్కలు, ఆవాలు చల్లినట్టు. ఆస్టెనైట్‌కి ఆనుకుని మాత్రం ఖాళీగా ఉంది. మేడమ్ చెప్పినట్టే.

పిక్లింగ్ చేసిన ముక్క: పోయిన బరువు 11 మి.గ్రా., అంటే 3.1. హద్దు 4.0 కంటే తక్కువ. కానీ భూతద్దంలో రూట్ వెల్డ్ మీద రెండు గుంటలు. పక్కన వేడి సోకిన చోట ఏమీ లేవు.

కడపరాయుడు · తర్వాతి మంగళవారం సాయంత్రం 7:30

అంటే సగం నాది, సగం మీది. ఒప్పుకున్నాను. నా మూడు ప్రాజెక్టుల్లో బరువు ఒక్కటే చూశారు, భూతద్దం ఎవరూ పెట్టలేదు. ఇప్పుడు నిద్ర పట్టేలా లేదు.

మాధవి_లోహశాస్త్రం · తర్వాతి మంగళవారం రాత్రి 8:12

స్పెక్ ప్రకారం రూట్ 67 కూడా పాసే అవ్వొచ్చు, చాలా స్పెక్‌లు 30 నుంచి 70 వరకు ఒప్పుకుంటాయి. ఇందులో నాకు నచ్చింది అదే. నంబరు హద్దులో ఉంది, ఆవాలు మాత్రం ఉన్నాయి. వేడి సోకిన చోట 63 ఉన్నా పిక్లింగ్ తర్వాత గుంటలు లేవు, అక్కడ నైట్రోజన్ పోలేదు కాబట్టి ఆస్టెనైట్ కాస్త దగ్గర దగ్గరగా మొలిచి ఉంటుంది. ఆ ఫోటో ఉంటే పెట్టండి, క్లాసులో వాడుకుంటాను.

పటాన్‌చెరు_క్యూసీ · పద్దెనిమిది రోజుల తర్వాత, రాత్రి 9:15

చాలామంది మెసేజ్ పెట్టి అడిగారు, అందుకని చెప్తున్నా. కొత్త కూపన్ చేశాం.

గ్యాప్ 3 మి.మీ., రూట్ ఫేస్ దాదాపు సున్నా. టార్చ్‌లో ఆర్గాన్, 2 శాతం నైట్రోజన్. పర్జ్ నైట్రోజన్, క్యాప్ దాకా. రూట్ 10 వోల్టులు, 90 ఆంపియర్లు, నిమిషానికి 50 మి.మీ., అంటే 1.08. రెండోది 10 వోల్టులు, 100 ఆంపియర్లు, 70 మి.మీ., అంటే 0.86. బాబాయ్ చెప్పిన ఎనభై శాతం లోపే. మా వెల్డర్ మొదటి రెండు జాయింట్లు గ్యాప్‌లో జారవిడిచి తిట్టుకున్నాడు, మూడోది కూర్చుంది. లోపల రంగు లేత గడ్డి రంగు, అంతే.

రూట్ ఫెరైట్ 51. పిక్లింగ్ చేయకుండా, ఉన్నది ఉన్నట్టు పరీక్షకి పెట్టాం. 24 గంటలకి పోయింది 1.4 మి.గ్రా., చదరపు మీటరుకి 0.4. గుంటలు లేవు. క్లయింట్ ఇన్‌స్పెక్టర్ భూతద్దం తనే తెచ్చుకుని చూశాడు.

ల్యాబ్_కుర్రాడు · అదే రాత్రి 9:40

0.4 అంటే ఏ923 హద్దులో కూడా పాస్. సూపర్.

కాకినాడ_బాబాయ్ · మర్నాడు ఉదయం 6:50

సంతోషం బాబూ. ఆ జారవిడిచిన రెండు జాయింట్లు ఏం చేశారు? గ్రైండ్ చేసి దాని మీదే మళ్లీ వెల్డ్ చేయలేదు కదా? అక్కడి లోహం ఒకసారి కాలింది. కోసి పారేసి, కొత్త అంచు తీసుకుని చెయ్యండి.

పటాన్‌చెరు_క్యూసీ · మర్నాడు ఉదయం 8:05

కోసేశాం బాబాయ్. మా వెల్డర్ మిమ్మల్ని ఒక్కటి అడగమన్నాడు: రిపేర్ వస్తే ఒకే చోట ఎన్నిసార్లు చేయనిస్తారు?

కాకినాడ_బాబాయ్ · మర్నాడు ఉదయం 8:20

మా దగ్గర ఒక్కసారి. రెండోసారి వస్తే జాయింటు కోసేయడమే.